ఊఁ కొట్టాల్సింది పెద్దవాళ్లు

పిల్లల్ని బడికి పంపాలా, ఇంట్లోనే చదివించాలా అని తర్జనభర్జన పడే తల్లిదండ్రులు అంతకంటే ముందు తేల్చుకోవాల్సిన సంగతి ఒకటుంది. చదువులో కష్టపడుతున్నది ఎవరు? పిల్లలా, వాళ్ల తరఫున పెద్దవాళ్లా? సుమారు 140 ఏళ్ల కిందట ఇంగ్లండులో షార్లెట్ మేసన్ అనే పంతులమ్మ లేవనెత్తిన ఈ ప్రశ్న ఇవాళ మన ఇళ్లకు మరీ అవసరం.

1917లో జెరూసలేంను పట్టుకున్న బ్రిటిష్ సేనాని అలెన్‌బీ అంతకు చాలా ఏళ్ల ముందు ఒకరోజు గుర్రం మీద ఇంటికి వస్తున్నాడు. దారిలో చెట్టు మీంచి ఉన్నట్టుండి ఒక కేక. తాను మాటువేసి ఉన్నాననీ, నాన్నను కాల్చేసినట్టేననీ, పైకి చూసుకోకుండా చెట్టు కిందికి ఎలా వచ్చావనీ నిలదీస్తున్నది ఆయన చిన్నారి కొడుకే. ఇంకాస్త తలెత్తితే, వాడికి చదువు చెప్పడానికి ఇంట్లో పెట్టుకున్న పంతులమ్మ కూడా అదే చెట్టు మీద ఉంది! పరిసరాలు గమనించడం, ఆనవాళ్లు పట్టడం సైనికులకు నేర్పడానికి బేడెన్‌పవెల్ రాసిన ‘ఎయిడ్స్ టు స్కౌటింగ్’ అనే చిన్న పుస్తకాన్ని ఆమె ఆ పిల్లవాడికి పాఠంగా పెట్టింది. ఆమె శిక్షణ పొందింది ఆంబుల్‌సైడ్ అనే ఊళ్లో, ఇంటి పంతులమ్మలను తయారుచేసే కాలేజీలో. సైన్యానికి రాసిన పుస్తకం పిల్లలకూ పనికొస్తుందని తనకు తట్టడానికి ఈ సంఘటన ఒక కారణమని బేడెన్‌పవెల్ తర్వాత రాసుకున్నాడు. 1907లో బ్రౌన్‌సీ దీవిలో ఆయన పిల్లలతో పెట్టిన శిబిరమే స్కౌట్స్ ఉద్యమానికి మొదలు. మన బడుల్లో మెడకు స్కార్ఫు చుట్టుకుని కవాతు చేసే పిల్లల వెనక ఆ చెట్టు కథ కొంత ఉంది.

ఆ కాలేజీ పెట్టిన షార్లెట్ మేసన్ (1842–1923) పేరు మన దగ్గర పెద్దగా వినిపించదు. ఇంగ్లండులో, అమెరికాలో పిల్లలను ఇంట్లోనే చదివించుకునే కుటుంబాల్లో మాత్రం ఆమె పుస్తకాలు ఇప్పటికీ చేతులు మారుతున్నాయి. ఆమె పద్ధతి ఏమిటని అడిగితే చాలామంది మూడు మాటల్లో తేల్చేస్తారు: చెట్టూ పుట్టా చూపించడం, బొమ్మలూ పాటలూ పరిచయం చేయడం, మంచి అలవాట్లు నేర్పడం. వినడానికి బాగుంటుంది. పచ్చిక మీద బోర్లా పడుకుని పూలబొమ్మలు వేసుకునే పిల్లల ఫొటోలు చూస్తే ఇంకా బాగుంటుంది. ఆ ముచ్చటే ఆమె అసలు మాటను కప్పేసింది. ఈ మూడింటి అడుగున ఉన్నది ఒక గట్టి నియమం: నేర్చుకునే కష్టం పిల్లలే పడాలి, వాళ్ల తరఫున పెద్దవాళ్లు పడకూడదు. ప్రకృతి, కళ, అలవాటు మూడూ ఆ నియమాన్ని అమలు చేసే దారులు. ఇంటి చదువు నుంచి మనం తీసుకోదగ్గది ఆ నియమాన్నేననీ, దాన్ని తీసుకోవడానికి ఎవరూ బడి మానక్కర్లేదనీ ఈ కథనం వాదన.

మన ఇళ్లలో కథ చెప్పే తీరు తలుచుకుంటే ఈ నియమం సులువుగా బోధపడుతుంది. అమ్మమ్మ చెబుతుంది, మనవడు ఊఁ కొడతాడు. ఊఁ ఆగిందంటే నిద్రపోయాడని లెక్క. కథకు అది చక్కటి ఏర్పాటే. చదువుకూ అదే ఏర్పాటు చేస్తే మాత్రం కష్టమంతా చెప్పేవాళ్ల వంతు అవుతుంది. పాఠం విడమరిచేది టీచరు, ముఖ్యమైన మాటల కింద గీత గీయించేది టీచరు, జవాబు బోర్డు మీద రాసేది టీచరు, సాయంత్రం ట్యూషన్లో అదే మళ్లీ చెప్పేది ఇంకో టీచరు. పిల్లవాడు ఊఁ కొడుతూ ఉంటాడు. ఊఁ వినపడుతోంది కాబట్టి లోపల మెలకువగానే ఉన్నాడని అందరం అనుకుంటాం. మేసన్ ఈ వరసను తిరగేసింది. పిల్లలు చెప్పాలి, పెద్దవాళ్లు ఊఁ కొట్టాలి.

పాసైతేనే పైసలు

ఆమెను అటు నడిపించింది ఆనాటి బడుల తీరే. 1862లో ఇంగ్లండు ప్రభుత్వం బడులకిచ్చే గ్రాంటును పిల్లల పరీక్షలతో ముడిపెట్టింది. ఏడాదికోసారి ఇన్‌స్పెక్టరు వచ్చి చదవడం, రాయడం, లెక్కలు పరీక్షిస్తాడు. ఎంతమంది తప్పితే బడికి అంత కోత. ఫలితాన్ని బట్టి చెల్లింపు అన్నమాట. ఏం జరగాలో అదే జరిగింది. కవిగా పేరున్న మాథ్యూ ఆర్నాల్డ్ అప్పట్లో బడుల ఇన్‌స్పెక్టరు కూడా. చదవడం, రాయడం, లెక్కలు నిజంగా రాకపోయినా, కాస్త ఉపాయంగా తయారుచేస్తే పిల్లలను ఆ మూడు పరీక్షల్లోనూ గట్టెక్కించవచ్చని ఆయన ప్రభుత్వానికిచ్చిన నివేదికల్లోనే రాశాడు. గైడ్లు, ‘ఇంపార్టెంట్ క్వశ్చన్లు’, వారాంతపు పరీక్షలు, కూడళ్లలో ర్యాంకుల ఫ్లెక్సీలు చూసి పెరిగిన మనకు ఇందులో అర్థం కానిదేమీ లేదు. పదహారేళ్లకే తల్లిదండ్రులిద్దరూ పోయిన మేసన్, 1861 నుంచి వర్తింగ్ అనే సముద్రతీరపు ఊళ్లో పదేళ్లకు పైగా పాఠాలు చెప్పింది. అంటే ఆమె పంతులమ్మగా పండిన కాలమూ, ఈ గ్రాంటు చదువు ఊపందుకున్న కాలమూ ఒకటే.

1885–86 చలికాలంలో, ఉన్ని మిల్లుల ఊరైన బ్రాడ్‌ఫర్డ్‌లో, ఒక చర్చి తలపెట్టిన గది నిర్మాణానికి డబ్బు పోగుచేయడం కోసం ఆమె స్థానిక మహిళలకు వరస ఉపన్యాసాలు ఇచ్చింది. అవే 1886లో ‘హోమ్ ఎడ్యుకేషన్’ పుస్తకమయ్యాయి. మరుసటి ఏడాది అదే ఊళ్లో తల్లిదండ్రుల సంఘం పుట్టింది. 1891లో పోస్టులో నడిచే బడి మొదలైంది. ఏ పుస్తకాలు చదవాలో, ఏ రోజు ఏం చేయాలో ఇంటికి వస్తుంది, టర్ము చివర ప్రశ్నపత్రాలూ వస్తాయి, పిల్లల జవాబులు తిరిగి పోస్టులో వెళతాయి. 1892లో ఆంబుల్‌సైడ్ కాలేజీ. ఇంటి చదువంటే ఎవరికి తోచినట్టు వాళ్లు చెప్పుకునేది అనుకుంటే పొరపాటు. టైంటేబులు, పరీక్షలు అన్నీ ఉన్నాయి. మారిందల్లా ఆ టైంటేబుల్లో ఎవరి నోరు ఎంతసేపు ఆడాలన్నదే.

ఆరేళ్లు నిండేదాకా పాఠాలే వద్దంది మేసన్. ఎనిమిదేళ్ల లోపు పిల్లలకు ఏ పాఠమూ ఇరవై నిమిషాలు దాటకూడదంది. మంచి రచయిత రాసిన పుస్తకంలోంచి కొంత భాగం ఒక్కసారి చదివి వినిపిస్తారు. ఒక్కసారే. తర్వాత పిల్లలు దాన్ని తమ మాటల్లో తిరిగి చెప్పాలి. మధ్యలో అడ్డుపడకూడదు, మాట అందించకూడదు, తప్పు దిద్దకూడదు. రెండోసారి చదువుతారని తెలిస్తే మనసు మొదటిసారి వినదని ఆమె వాదన. ట్యూషన్లో మళ్లీ చెబుతారన్న ధీమాతో క్లాసులో కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చునే పిల్లలను ఎరిగినవాళ్లకు ఈ మాట వెంటనే తగులుతుంది. వినేటప్పుడే ఇది తర్వాత నేను చెప్పాలి అనే స్పృహ ఉంటే చెవి తీరే మారిపోతుంది.

ఇది మేసన్ నమ్మకం మాత్రమే అయితే పక్కన పెట్టొచ్చు. కానీ 2006లో అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు రోడిగర్, కార్పికీ ప్రచురించిన ప్రయోగం ఇదే సంగతిని అంకెల్లో చూపించింది. కాలేజీ విద్యార్థుల్లో కొందరు ఒక పాఠాన్ని నాలుగు విడతలు చదివారు. మరికొందరు ఒక విడత చదివి, మూడు విడతలు పుస్తకం చూడకుండా గుర్తున్నంతా రాశారు. అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్లీ మళ్లీ చదివినవాళ్లదే పైచేయి: వాళ్లు 83 శాతం గుర్తు తెచ్చుకుంటే, రెండో జట్టు 71 శాతమే తెచ్చుకుంది. వారం తర్వాత లెక్క తలకిందులైంది. నాలుగుసార్లు చదివినవాళ్లకు మిగిలింది 40 శాతం, తిరిగి గుర్తు చేసుకున్నవాళ్లకు మిగిలింది 61 శాతం. మళ్లీ చదివితే వచ్చినట్టు అనిపిస్తుంది, తిరిగి చెబితే నిజంగా వస్తుంది. పరీక్ష అయిదు నిమిషాల్లో ఉంటే మొదటి దారి చాలు, చదువు జీవితానికి కావాలంటే రెండోదే దారి.

అయితే ఇది మనకు తెలిసిన వల్లెవేతే కదా, మన వీధిబడుల్లో చేయించిందీ ఇదే కదా అనొచ్చు. పోలిక ఉంది గానీ రెండూ ఒకటి కావు. వల్లె వేసేటప్పుడు మాటలూ ఎదుటివారివే, వాటి వరసా ఎదుటివారిదే. ఒక్క మాట జారితే మొత్తం ఆగిపోతుంది. తిరిగి చెప్పేటప్పుడు ఏది ముందు, ఏది వెనక, ఏది అక్కర్లేదు అన్నది పిల్లలే తేల్చుకోవాలి. మేసన్ కంఠతా పట్టడాన్ని కాదనలేదు, పద్యాలకు వేరే సమయం కేటాయించింది. సుమతీ శతకం నోటికి రావడం సంపదే. కాకపోతే చరిత్ర పాఠాన్నీ, సైన్సు పాఠాన్నీ పద్యంలా అప్పజెప్పించడంతోనే చిక్కు వచ్చింది.

గిజిగాడి గూటి కింద

చలిదేశపు మనిషి అయినా మేసన్ పిల్లలను వీలైతే రోజుకు నాలుగు నుంచి ఆరు గంటలు బయట ఉంచమంది. రోహిణి కార్తె ఎండల్లో మనం ఆ పని చేయలేం, చేయకూడదు. మనకు పొద్దుటి చల్లదనం ఉంది, సాయంత్రం ఉంది, మృగశిర తర్వాత వానాకాలం మొత్తం ఉంది. గంటల కంటే ఆమె చెప్పిన పని ముఖ్యం. పిల్లలను తలా ఒకవైపు పంపి, ఆ గుట్టనో ఆ ఇంటినో చూసి రమ్మంటుంది తల్లి. తిరిగొచ్చాక చూసింది చెప్పాలి. ఎవరు ఎక్కువ సంగతులు, సరిగ్గా చెప్పగలిగితే వాళ్లే గెలిచినట్టు. ప్రతి పిల్లకూ ప్రకృతి నోటుపుస్తకం ఒకటి ఉంటుంది. అందులో చూసినదాన్ని రంగుల్లో వేసుకుని, తేదీ రాసుకోవాలి. ఆ పుస్తకం పిల్లల సొంతం, పెద్దవాళ్లు ఎర్రసిరా పట్టుకుని దాని జోలికి రాకూడదు.

బొమ్మ వేయడం ఎందుకంత ముఖ్యమో మన గిజిగాడే చెబుతుంది. వానలు పడ్డాక తాటిచెట్లకూ, బావి మీదికి వంగిన తుమ్మకొమ్మలకూ గిజిగాళ్ల గూళ్లు వేలాడతాయి. గూడు కట్టడంలో గిజిగాడు నేర్పరి అని పాఠంలో ఒక వాక్యం ఉంటే, అది రాసి మార్కు తెచ్చుకోవచ్చు. అదే పిల్లవాడు రోజూ పావుగంట ఆ చెట్టు కింద పుస్తకం పట్టుకుని కూర్చుంటే మొదట గడ్డిపోచల ఉంగరం కనిపిస్తుంది. కొద్దిరోజులకు అది బోర్లించిన టోపీ అవుతుంది. అక్కడ పని ఆగుతుంది. తల మీద పసుపు తేలిన మగపిట్ట గూటిని పట్టుకుని రెక్కలు టపటపలాడిస్తూ అరుస్తుంది. ఆడపిట్ట వచ్చి, లోపల దూరి, అటూ ఇటూ చూసి, నచ్చితే ఉంటుంది, లేకపోతే ఎగిరిపోతుంది. నచ్చిన గూటికే ఆ తర్వాత కింద పొడుగాటి గొట్టం దిగుతుంది. నచ్చనివి టోపీల్లాగే మిగిలిపోతాయి. కొన్ని గూళ్లకు గొట్టం ఎందుకు లేదన్న ప్రశ్న చూసి వెళ్లిపోయేవాడికి రాదు, బొమ్మ వేసేవాడికి వస్తుంది. గొట్టం ఎక్కడ మొదలుపెట్టాలో తెలియక వాడి పెన్సిల్ ఆగుతుంది కాబట్టి. సైన్సు అంటే అలా ఆగిన పెన్సిలే. జవాబు ముందే చెప్పేస్తే ఆ ఆగడం ఉండదు.

మాకే పిట్టల పేర్లు తెలియవు, పిల్లలకేం చెబుతాం అనే తల్లిదండ్రులకు జవాబు అమెరికా నుంచి ఉంది. కార్నెల్ విశ్వవిద్యాలయంలో పనిచేసిన అన్నా బాట్స్‌ఫర్డ్ కామ్‌స్టాక్, 1911లో టీచర్ల కోసం ‘హ్యాండ్‌బుక్ ఆఫ్ నేచర్ స్టడీ’ అనే పెద్ద గ్రంథం తెచ్చింది. ఇంటి చదువు కుటుంబాలు ఇవాళ్టికీ దాన్ని వాడుతున్నాయి. తెలియనిది పిల్లలు అడిగితే తెలియదని ఒప్పుకుని, ఇద్దరం కలిసి చూద్దాం రా అనమంటుందామె. తెలియకపోవడం ఇక్కడ లోపమేమీ కాదు. తెలిసిన పెద్దవాళ్లు నోరు ఆపుకోలేరు, తెలియనివాళ్లకు ఆ బాధ లేదు. ఇక ఆరుబయట గడపడం వల్ల ఒంటికి కలిగే మేలుకు గట్టి ఆధారమే దొరికింది. చైనాలోని గ్వాంగ్‌జౌలో 12 బడులను తీసుకుని, సగం బడుల్లో ఒకటో తరగతి పిల్లలకు రోజూ 40 నిమిషాలు అదనంగా బయట గడిపే తరగతి పెట్టారు. మూడేళ్ల తర్వాత మామూలు బడుల్లో 39.5 శాతం మందికి హ్రస్వదృష్టి వస్తే, బయట తిరిగిన పిల్లల్లో అది 30.4 శాతమే. 2015లో వెలువడిన ఈ ఫలితంలో ఇంకో సంగతి గమనించాలి. ఆ 40 నిమిషాలు ఇచ్చింది ఇళ్లు కాదు, బడులే.

చందమామ అట్ట తిప్పేసి

కళల విషయంలోనూ అదే సూత్రం. టర్ముకు ఒకే చిత్రకారుడు, ఆయన వేసిన ఆరు బొమ్మలు. ఒక్కో బొమ్మను పిల్లలు నిశ్శబ్దంగా చూస్తారు. తర్వాత దాన్ని బోర్లా తిప్పేస్తారు. ఏమేం చూశారో చెప్పాలి. శైలి, కాలం, గొప్పతనం గురించి ఉపన్యాసం ఉండదు. మేసన్ ఎంచుకున్నవి యూరప్ చిత్రాలు. ఆ పేర్లు మనకు మక్కికి మక్కి అక్కర్లేదు. వడ్డాది పాపయ్య చందమామకు వేసిన ముఖచిత్రం ఒకటి చాలు. నగ ఎక్కడుంది, చీర అంచు ఏ రంగు, ఆమె చూపు ఎటుంది అని అడగనే వద్దు. రెండు నిమిషాలు చూడనిచ్చి, అట్ట తిప్పి, చెప్పమనండి. రెండోసారి చూసేటప్పుడు ఆ కళ్లు వేరు. ఆ తర్వాత రాజమహేంద్రవరంలో దామెర్ల రామారావు గ్యాలరీకో, లేపాక్షి గుడిలో కప్పు మీది బొమ్మల కిందికో వెళితే, పిల్లలు సెల్ఫీ కోసం కాకుండా బొమ్మ కోసం ఆగుతారు.

చేతిపనుల్లో ఆమె ఇంకా కటువుగా ఉంది. కాగితం చాపలు అల్లించడం లాంటి ఉత్తుత్తి పనులతో పిల్లల కాలం వృథా చేయవద్దనీ, పనికొచ్చే వస్తువు నిదానంగా, బాగా చేయడం నేర్పాలనీ చెప్పింది. ఈ మాట వినగానే మనకు థర్మోకోల్ ప్రాజెక్టు గుర్తు రావాలి. రేపు పొద్దున్నే అగ్నిపర్వతం కావాలని రాత్రి తొమ్మిదింటికి పిల్ల చెబుతుంది. నాన్న స్టేషనరీ షాపుకు పరుగెడతాడు, అమ్మ కోసి అతికించి రంగులేస్తుంది, పిల్ల పక్కన కూర్చుని ఊఁ కొడుతుంది. మార్కులు మాత్రం పిల్లకే. అంతకంటే వంకరటింకర తాటాకు గిలక ఒకటి తనంతట తాను చేసుకున్న పిల్ల ఎక్కువ నేర్చుకున్నట్టు. చేతిలో ఆకు చీలినప్పుడు ఎందుకు చీలిందో ఆ చేతికే తెలుస్తుంది.

తలుపు ఎవరు గుర్తుంచుకోవాలి?

మంచి అలవాట్లనగానే క్రమశిక్షణ, బెత్తం, పెద్దల మాట వినడం అనుకుంటాం. మేసన్ ఉదాహరణ ఎంత చిన్నదో చూడండి: గదిలోకి వస్తూ పోతూ తలుపు వేయని పిల్లవాడు. తల్లి వాణ్ని పిలిచి ఒక్కసారి, నవ్వుతూ, గట్టిగా గుర్తుంచుకోమని చెబుతుంది. తర్వాత మరిచిపోతే తలుపు తలుపు అని అరవదు. పేరు పెట్టి పిలుస్తుంది, లేదా ఊరికే చూస్తుంది. వాడికే తట్టాలి. మన ఇళ్లలో ఈ పని ఎలా జరుగుతుందో అందరికీ తెలుసు. చెప్పులు వరసగా విడవమని, తిన్న కంచం తీయమని, గదిలోంచి వచ్చేటప్పుడు ఫ్యాను ఆపమని రోజూ చెబుతాం. ‘ఎన్నిసార్లు చెప్పాలిరా నీకు’ అని విసుక్కుంటాం. ఆ మాటలోనే జవాబుంది. గుర్తుంచుకునే పని పూర్తిగా తల్లిది అయిపోయింది కాబట్టి, గుర్తుంచుకోవాల్సిన అవసరం పిల్లవాడికి లేకుండా పోయింది. చదువులో ట్యూషన్ చేసిన పనినే ఇక్కడ సాధింపు చేస్తోంది.

అలాగని మేసన్ చెప్పిందల్లా వేదం కాదు. అలవాటు పడటానికి ఆరు నుంచి ఎనిమిది వారాలు పడుతుందనీ, ఆలోగా జాలిపడి ఒక్కసారి వదిలేసినా మొత్తం చెడుతుందనీ ఆమె అంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మంది పెద్దవాళ్లను గమనించి 2010లో ప్రచురించిన అధ్యయనం ఇందులో సగమే నిజమని చెబుతోంది. కొత్త అలవాటు స్థిరపడటానికి సగటున 66 రోజులు పట్టింది. ఆమె అంచనాకు దగ్గరదే. కానీ మనిషినీ పనినీ బట్టి అది 18 రోజుల నుంచి 254 రోజుల దాకా మారింది. పైగా ఒకరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడలేదు. కాబట్టి ఓపిక విషయంలో ఆమెను నమ్ముదాం, ఒక్క తప్పుకు బెంబేలెత్తే విషయంలో వద్దు. పిల్లలకు అది పెద్ద ఊరట, తల్లులకు ఇంకా పెద్ద ఊరట.

అభ్యంతరాల సంగతి

ఇదంతా డబ్బున్నవాళ్ల ముచ్చట అనేది మొదటి అభ్యంతరం. నిజమే, మొదట్లో అంతే. ఇంటికి పంతులమ్మను పెట్టుకోగల కుటుంబాలే మేసన్ చుట్టూ చేరాయి. కానీ 1914లో బ్రాడ్‌ఫర్డ్ పక్కనే ఉన్న డ్రిగ్లింగ్టన్ అనే బొగ్గుగనుల ఊళ్లో, కూలీల పిల్లలు చదివే మామూలు బడి ఈ పద్ధతిని తీసుకుంది. ఆ పిల్లలు మంచి పుస్తకాలు విని, తిరిగి చెప్పిన తీరు చూశాక గ్లోస్టర్‌షైర్ జిల్లా విద్యాధికారి హౌస్‌హోల్డ్ తన పరిధిలోని బడులకూ దాన్ని పరిచయం చేశాడు. ఇంటి చదువు కోసం పుట్టిన పద్ధతి పేదల బడిలో నిలబడిందంటే, దాని బలం ఇంటి గోడల్లో లేదని అర్థం. ఇంట్లో చదివిన పిల్లలకు మంచి మార్కులొచ్చాయని చూపే సర్వేలను నేను ఇక్కడ సాక్ష్యంగా తేకపోవడానికీ కారణం ఉంది. అలాంటి సర్వేల్లో చాలావాటికి ముందుకొచ్చి వివరాలిచ్చేవాళ్లు చదువుకున్న, ఆసక్తి ఉన్న తల్లిదండ్రులే. ఆ గెలుపులో పద్ధతి వాటా ఎంతో, ఆ ఇంటి వాటా ఎంతో విడదీయడం కష్టం.

రెండో అభ్యంతరం అమ్మల వైపు నుంచి వస్తుంది, అదే అన్నిటికంటే బలమైంది. ఇంట్లో చదివించడమంటే ఒక మనిషి రోజంతా దానికే కేటాయించడం. మన ఇళ్లలో ఆ మనిషి ఎవరో చెప్పక్కర్లేదు. అమ్మే తొలి గురువు అనే పూలదండ వేసి ఆమె ఉద్యోగాన్ని ఊడబెరికే వీలు ఇందులో ఉంది. మేసన్‌కు పెళ్లి కాలేదు, పిల్లలు లేరు. ఆమె మాటలు విన్న చాలామంది తల్లులకు పనివాళ్లు ఉండేవారు. ఈ ఖర్చు దాచిపెట్టి ఇంటి చదువును పొగడటం అన్యాయం. స్నేహాలెలా, పరీక్షలెలా అనే మిగతా రెండు అభ్యంతరాలకు జవాబు చెప్పడం తేలికే. స్నేహాలకు బడే ఆధారం కానక్కర్లేదు, వీధి ఉంది, ఆటస్థలం ఉంది, చుట్టాలున్నారు. కాకపోతే అపార్ట్‌మెంట్లలో వాటిని ప్రయత్నం చేసి సమకూర్చాలి. పరీక్షలకు నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ఓపెన్ స్కూలింగ్ ద్వారా 14 ఏళ్లు నిండినవాళ్లు పదో తరగతి రాయొచ్చు, అక్కణ్నుంచి ఇంటరు, ఈఏపీసెట్ (ఒకప్పటి ఎంసెట్) దారులు మూసుకుపోవు.

అయినా బడి మానిపించండి అని ఈ కథనం చెప్పదు. దానికి కారణం చట్టం ఒక్కటే కాదు. 1944 నాటి ఇంగ్లండు చట్టం పిల్లల చదువు బడిలో అయినా మరోలా అయినా సాగవచ్చని తల్లిదండ్రులకు వెసులుబాటు ఇచ్చింది. జర్మనీ ససేమిరా అంటుంది. ఆరు నుంచి పద్నాలుగేళ్ల పిల్లలకు చదువును హక్కు చేసిన మన 2009 చట్టం ఇంటి చదువును పేరెత్తి చెప్పలేదు. చట్టాన్ని మించిన సంగతి వేరే ఉంది. మన ఊళ్లలో హాజరుపట్టీ ఒక కాపలా. పదమూడేళ్ల పిల్ల నాలుగు రోజులు రాకపోతే పెళ్లి చేసేశారేమో అని ఆరా తీసేది, పిల్లవాడు కనపడకపోతే పత్తి చేలోకో ఇటుక బట్టీలోకో వెళ్లాడేమో అని అడిగేది బడే. మధ్యాహ్నం వేడి అన్నం పెట్టేదీ అదే. ఆ ఇంట్లో బడి గడప తొక్కిన మొదటి తరం అయితే, ఆ గడప వదులుకోమని సలహా ఇచ్చే హక్కు ఎవరికీ లేదు. అందుకే పిల్లలు బడి నుంచి ఇంటికి రావడం కంటే, ఈ పద్ధతి ఇంటి నుంచి బడికి వెళ్లడం మేలు. డ్రిగ్లింగ్టన్‌లో జరిగింది అదే.

బడి మారేదాకా ఆగాల్సిన పనీ లేదు. దీనికి ఉద్యోగం మానే అమ్మా అక్కర్లేదు, రోజుకో ఇరవై నిమిషాలు చాలు. అవి నాన్నవైనా, తాతయ్యవైనా పరవాలేదు. బడి నుంచి వచ్చిన పిల్లలను ‘ఏం చెప్పారు, ఎన్ని మార్కులు’ అని అడగడం అలవాటైంది. దాని బదులు ఇవాళ ఏం చూశావో చెప్పమనొచ్చు. చిక్కుళ్లు ఒలుస్తూ వినొచ్చు, స్కూటర్ మీద వెళుతూ వినొచ్చు, రాత్రి డాబా మీద పడుకుని వినొచ్చు. మధ్యలో మాట అందించకుండా, తప్పు దిద్దకుండా, నీతి చెప్పకుండా వినాలి. పెద్దవాళ్లకు ఇదే కష్టం. చేతిలో ఫోను ఉంటే ఇంకా కష్టం. కథ చెప్పేటప్పుడు ఊఁ ఆగిందంటే వినేవాళ్లు నిద్రపోయారని అర్థమని పిల్లలకు మనమే నేర్పాం. ఇప్పుడు చెబుతున్నది వాళ్లు. మన ఊఁ ఎక్కడ ఆగిందో వాళ్లు కనిపెట్టేస్తారు.